తాబేటిచిప్ప వన్నె: పిల్లికూనల రంగును లెక్కగట్టిన చరిత్ర

మనిషి సాకిన జంతువులలో పిల్లి స్థానం మొదటినుంచీ ప్రత్యేకమైనది. ఎద్దును దుక్కిబలాన్ని బట్టి, ఆవును పాడిని బట్టి, గుర్రాన్ని పరుగును బట్టి, వేటకుక్కను వాసన పట్టే శక్తిని బట్టి ఎంచి జతకట్టించిన మనిషి, పిల్లి విషయంలో మాత్రం వేల ఏళ్లపాటు అటువంటి శ్రమ తీసుకోలేదు. ఎలుకను పట్టడం పిల్లికి ఎవరూ నేర్పవలసిన విద్య కాదు, రాత్రివేళ గోడ దూకి వెళ్లే దాని జతను నిర్ణయించే శక్తి ఇంటివారికీ లేదు. చివరకు పందొమ్మిదో శతాబ్దంలో పిల్లులను ఎంచి పెంచే పని ఒక పద్ధతిగా మొదలైనప్పుడు, ఆ ఎంపికకు ఆధారం పనితనం కాక కంటికి కనిపించే బొచ్చు అయింది. అందువల్ల జాతిపిల్లుల పెంపకం చరిత్ర చాలావరకు వన్నెల చరిత్రే; పుట్టబోయే కూన ఏ రంగులో, ఏ చారలతో ఉంటుందో ముందుగా చెప్పగలగడమే ఆ వృత్తికి మూలప్రశ్న. ఈ ప్రశ్న సుమారు 150 ఏళ్లలో ఊహనుంచి లెక్కకు, లెక్కనుంచి డీఎన్ఏ పరీక్షకు చేరింది. ఆ దారి పొడవునా ఒకే వన్నె మళ్లీ మళ్లీ ఎదురవుతుంది. నలుపు, నారింజ రంగులు కలగలిసి తాబేటిచిప్పను తలపించే ఆ వన్నె శాస్త్రజ్ఞులకు మొదట చిక్కుముడిగా నిలిచి, తరువాత నియమాన్ని చూపి, చివరకు ఆ నియమానికి హద్దు ఎక్కడో కూడా తెలిపింది.

1871 జూలై 13న లండన్‌లోని క్రిస్టల్ ప్యాలెస్‌లో హారిసన్ వియర్ అనే చిత్రకారుడు ఏర్పాటు చేసిన పిల్లుల ప్రదర్శన ఈ చరిత్రకు ఆరంభంగా పరిగణన పొందుతున్నది. పందెపు గుర్రాలకు, కోళ్లకు ఉన్నట్టే పిల్లులకూ తీర్పు చెప్పే కొలబద్దలు ఉండాలని భావించిన వియర్, వాటిని బొచ్చు పొడవును బట్టి, రంగును బట్టి తరగతులుగా విభజించాడు. 1887లో నేషనల్ క్యాట్ క్లబ్ ఏర్పడి ఆయనే దానికి తొలి అధ్యక్షుడయ్యాడు. అమెరికాలో 1906లో క్యాట్ ఫ్యాన్సియర్స్ అసోసియేషన్, బ్రిటన్‌లో 1910లో వివిధ క్లబ్బుల పాలకమండలి స్థాపితమయ్యాయి. ఈ సంఘాలు చేపట్టిన పనులలో ప్రదర్శనల బహుమతులకంటే ఎక్కువ కాలం నిలిచే విలువ గలది వంశావళి నమోదు, అంటే ప్రతి పిల్లి తల్లిదండ్రులను, తాతముత్తాతలను, వాటి రంగులను పట్టీలో ఎక్కించడం. ఆ పట్టీలు మొదట జాతి గౌరవానికి రుజువుగా పుట్టినవే అయినా, ఒక లక్షణం ఒక తరంలో కనుమరుగై మరో తరంలో తిరిగి రావడాన్ని కాగితంమీద పట్టి చూపగల సాధనాలు కూడా అవే అయ్యాయి.

ఆనాటి పెంపకందారులు అనువంశికతను రక్తాల కలయికగా భావించేవారు. పాలలో డికాక్షన్ కలిసినట్టు తల్లి రక్తం, తండ్రి రక్తం కలిసి మధ్యరకపు సంతానం పుడుతుందని ఈ భావన చెబుతుంది. అయితే పిల్లుల ఈతలు దీనికి అడుగడుగునా అడ్డు తగిలాయి. రెండు నల్లపిల్లులకు ఒక్కొక్కసారి బూడిద వన్నె కూన పుట్టేది. దీనినే పెంపకందారులు నీలం అంటారు. రెండు బూడిద వన్నె పిల్లులకు మాత్రం నల్లకూన ఎన్నడూ పుట్టేది కాదు. వీటన్నిటికంటే తాబేటిచిప్ప వన్నె వింత గొలిపేది, ఎందుకంటే ఆ వన్నె గల పిల్లులు దాదాపు అన్నీ ఆడవే. చార్లెస్ డార్విన్ 1859 నాటి తన ప్రసిద్ధ గ్రంథంలో ఈ సంగతిని ప్రస్తావించి, నీలికళ్ల పిల్లుల చెవుడుతో పాటు దీన్ని కూడా సంబంధం తెలియని లక్షణాలు జంటగా కనిపించే విచిత్రాలలో ఒకటిగా పేర్కొన్నాడు. ఆ విచిత్రానికి కారణం చూపగల సిద్ధాంతం అప్పటికి ఆయన చేతిలో లేదు.

ఆ సిద్ధాంతానికి పునాదిని గ్రెగర్ మెండెల్ 1866లోనే అచ్చులో పెట్టినా, లోకం దాన్ని తిరిగి గుర్తించింది 1900లో. మెండెల్ ప్రకారం ప్రతి లక్షణానికీ జీవిలో రెండు కారకాలు ఉంటాయి, ఒకటి తల్లినుంచి, మరొకటి తండ్రినుంచి వస్తుంది. వాటినే తరువాత జన్యువులు అన్నారు, ఒకే జన్యువుకు ఉండే వేరువేరు రూపాలను యుగ్మవికల్పాలు అన్నారు. రెండు రూపాలు కలిసి ఉన్నప్పుడు పైకి కనిపించేది బహిర్గతం, కనిపించకుండా దాగి ఉండేది అంతర్గతం. ఈ చూపుతో చూస్తే నల్లపిల్లుల ఇంట బూడిద కూన పుట్టడంలో వింత ఏమీ లేదు. రంగును పలచబరిచే రూపం అంతర్గతం కనుక, దాన్ని ఒక్కొక్కటి చొప్పున దాచుకున్న రెండు నల్లపిల్లులు జతకడితే, పుట్టే ప్రతి కూనా బూడిద వన్నెలో ఉండే అవకాశం 4లో 1 వంతు. రెండు బూడిద పిల్లుల దగ్గర మాత్రం పలచని రూపం తప్ప ఇవ్వడానికి వేరే ఏదీ లేదు కనుక వాటి సంతానానికి నలుపు రాదు. పెంపకందారులు ఇక్కడ తరచుగా పొరబడే అంశం ఒకటి ఉంది. 4లో 1 వంతు అంటే నాలుగు కూనల ఈతలో ఒకటి తప్పక బూడిదదని కాదు. ఆ సంభావ్యత ప్రతి కూనకూ విడివిడిగా వర్తిస్తుంది కనుక, నాలుగూ నల్లవే కావచ్చు, నాలుగూ బూడిదవే కావచ్చు.

ఇంతవరకు చెప్పిన నియమం మెండెల్ పరిశీలించిన బఠాణీకి, పిల్లికి ఒకటే. తాబేటిచిప్ప వన్నెకు మాత్రం అది చాలలేదు. కేంబ్రిడ్జ్‌లో లెనార్డ్ డాంకాస్టర్ 1904లో ఈ సమస్యను మెండెల్ పద్ధతిలో పరిశీలించి, నారింజ, నలుపు రూపాల ప్రవర్తన ఆడ, మగ పిల్లులలో ఒకే తీరుగా లేదని గుర్తించాడు. 1910లో థామస్ హంట్ మోర్గన్ పండ్ల ఈగలలో కంటి రంగు లింగంతో ముడిపడి ఉందని చూపిన తరువాత అసలు దారి తెరుచుకున్నది. 1912లో అమెరికన్ శాస్త్రజ్ఞుడు క్లారెన్స్ కుక్ లిటిల్ పిల్లుల నారింజ వన్నె కూడా అటువంటిదేనని వివరించాడు. పిల్లికి 19 జతల క్రోమోజోములు ఉంటాయి. వాటిలో లింగాన్ని నిర్ణయించే జతలో ఆడపిల్లికి రెండు ఎక్స్‌లు, గండుపిల్లికి ఒక ఎక్స్, ఒక వై ఉంటాయి. నారింజ వన్నెను నిర్ణయించే జన్యువు ఎక్స్ మీద ఉంది కనుక, గండుపిల్లికి దాని ప్రతి ఒకటే ఉంటుంది. ఆ ప్రతి నారింజదైతే పిల్లి నారింజ, కాకపోతే నలుపు, రెండూ కలిసే అవకాశం దానికి లేదు. ఆడపిల్లికి రెండు ప్రతులు ఉంటాయి కనుక ఒకటి నారింజది, మరొకటి నలుపుది అయినప్పుడు తాబేటిచిప్ప వన్నె వస్తుంది.

ఈ వివరణ చేతికి రావడంతో పెంపకందారుల ఊహకు తొలిసారిగా లెక్క తోడయింది. తల్లి నారింజ, తండ్రి నలుపు అయిన జతలో కొడుకులందరూ నారింజ, కూతుళ్లందరూ తాబేటిచిప్ప. అదే జతను తిరగవేసి తల్లి నలుపు, తండ్రి నారింజ అయితే కూతుళ్లు తాబేటిచిప్పగానే ఉంటారు గానీ కొడుకులు నల్లబడతారు. కొడుకు తన ఎక్స్‌ను తల్లినుంచి మాత్రమే పొందుతాడు కనుక, ఈ రంగు విషయంలో కొడుకులకు తండ్రి వన్నెతో సంబంధమే లేదు. తండ్రి గొప్పతనాన్ని బట్టి ఈత విలువను కట్టే పెంపకపు లోకానికి ఇది కొత్త పాఠం.

లిటిల్ ఈ విషయమై 1919లో రాసిన విస్తృత వ్యాసం ‘జర్నల్ ఆఫ్ జెనెటిక్స్’ అనే పత్రికలో వెలువడింది. ఈ పత్రికను 1910లో స్థాపించిన ఇద్దరిలో ఒకడైన రెజినాల్డ్ పన్నెట్ పేరుమీదనే, తల్లి ఇచ్చేవాటిని అడ్డంగా, తండ్రి ఇచ్చేవాటిని నిలువుగా రాసి సంతానాన్ని గడులలో లెక్కగట్టే పట్టికను నేటికీ పన్నెట్ చదరం అంటారు. లండన్ వీధిపిల్లుల జన్యువులను లెక్కించిన ఆంటొనీ సెర్ల్ పరిశోధన 1949లో వచ్చిందీ ఈ పత్రికలోనే. తరువాత సంపాదకుడైన జె. బి. ఎస్. హాల్డేన్ 1957లో భారతదేశానికి తరలివచ్చినప్పుడు పత్రికను తన వెంట తెచ్చాడు. ఇప్పుడు దాన్ని బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ ప్రచురిస్తున్నది. హాల్డేన్ వద్ద శిష్యరికం చేసిన పిఠాపురంవాసి ద్రోణంరాజు కృష్ణారావు 1960లో ఇదే పత్రికలో, చెవి అంచుమీద వెంట్రుకలు మొలిచే లక్షణం తండ్రినుంచి కొడుకుకు వై క్రోమోజోమ్ ద్వారా సంక్రమిస్తుందా అనే ప్రశ్నను వంశవృక్షాల ఆధారంగా చర్చించాడు. పిల్లి బొచ్చును గురించీ, మనిషి చెవి వెంట్రుకను గురించీ అడిగిన ప్రశ్న మూలంలో ఒకటే. ఒక లక్షణం ఆడవారి దారిన నడుస్తున్నదా, మగవారి దారిన నడుస్తున్నదా అని వంశావళిలో వెతకడమే ఆ రెండు పరిశోధనల పద్ధతి.

నలుపు, నారింజ తేలిన తరువాత చారల వంతు వచ్చింది. బ్రిటిష్ జంతుశాస్త్రజ్ఞుడు ఆర్. ఐ. పోకాక్ 1907లో ఇంగ్లండ్ పిల్లులలో రెండు స్పష్టమైన చారల రకాలను వేరుచేశాడు. ఒకదానిలో సన్నని నిలువు చారలు డొక్కల మీదుగా దిగుతాయి, రెండవదానిలో వెడల్పాటి పట్టీలు డొక్కమీద సుడి తిరుగుతాయి. సన్నచార రూపం సుడిచార రూపాన్ని కప్పివేస్తుంది కనుక, రెండు సుడిచారల పిల్లులకు సన్నచారల కూన పుట్టదు. ఈ రెండు రూపాలకంటే లోతైన మరో సంగతి కూడా క్రమంగా తేలింది. చారలు లేనట్టు కనిపించే నల్లపిల్లి కూడా నిజానికి చారల పిల్లే. వెంట్రుకమీద లేత, ముదురు వలయాలను ఏర్పరచే అగూటి అనే జన్యువు పనిచేయనప్పుడు చారల మధ్య ఉండవలసిన లేత ప్రాంతం కూడా నల్లబడి చారలను కమ్మేస్తుంది. అందుకే కొన్ని నల్లకూనలను ఎండలో చూస్తే చారల జాడ నీడలాగ కనిపిస్తుంది. నారింజ రంగుమీద మాత్రం అగూటి లోపానికి ప్రభావం ఉండదు, కనుక నారింజ పిల్లులన్నిటికీ ఎంతో కొంత చార బయటపడి తీరుతుంది. తెల్లపిల్లి దీనికి సరిగ్గా ఎదురు. బొచ్చును పూర్తిగా తెల్లగా చేసే బహిర్గత జన్యువు ఒక్కటి ఉంటే చాలు, దానికింద ఏ రంగు ఉన్నా, ఏ చార ఉన్నా కనిపించదు. తెల్లపిల్లిని జతకు ఎంచిన పెంపకందారుడు దాని వంశావళిని తప్ప వేరే దేన్నీ నమ్మలేడు. పైగా నీలికళ్ల తెల్లపిల్లులలో చెవుడు ఎక్కువగా కనిపిస్తుంది కనుక, వన్నె లెక్కలో కూన ఆరోగ్యాన్ని కూడా చేర్చవలసిన బాధ్యత తొలినుంచీ ఆ పెంపకందారుడిమీద ఉంది.

పెంపకందారులు, శాస్త్రజ్ఞులు ఒకే బల్లవద్ద కూర్చుని పనిచేసిన ఘట్టం 1930లలో అమెరికాలో వచ్చింది. జోసెఫ్ థాంప్సన్ అనే వైద్యుడు 1930లో వాంగ్ మావ్ అనే పేరుగల గోధుమవన్నె ఆడపిల్లిని బర్మానుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు తెచ్చాడు. ఆ పిల్లి ముదురు రంగు సయామీ పిల్లి మాత్రమేనని కొందరు అభిప్రాయపడ్డారు. థాంప్సన్ దాన్ని తాయ్ మావ్ అనే సయామీ గండుపిల్లితో జతకట్టించగా కొన్ని కూనలు అచ్చమైన సయామీ వన్నెలో, కొన్ని తల్లి వన్నెలో పుట్టాయి. తల్లి వన్నె కూనలలో ఒకదాన్ని మళ్లీ తల్లితో కలిపినప్పుడు మూడు రకాలు వచ్చాయి, వాటిలో ఒకటి తల్లికంటే ముదురు. దీనినిబట్టి వాంగ్ మావ్ శుద్ధజాతి కాదనీ, ఆ ముదురు వన్నెనిచ్చే బర్మా రూపాన్ని ఒకటి, సయామీ రూపాన్ని ఒకటి మోసే మిశ్రమజీవి అనీ, ఈ రెండు రూపాలలో ఏదీ రెండవదాన్ని పూర్తిగా కప్పలేదనీ తేలింది. జన్యుశాస్త్రంలో దీనికి అసంపూర్ణ బహిర్గతత్వం అని పేరు. ఈ ఫలితాలను థాంప్సన్, పెంపకందారు వర్జీనియా కాబ్, శాస్త్రజ్ఞుడు క్లైడ్ కీలర్, వారితోపాటు మరొకరు కలిసి 1943లో ప్రచురించారు. ఒక పిల్లిజాతి పుట్టుకను జన్యుపరీక్షతో నిరూపించిన తొలి ఉదాహరణలలో ఇది ఒకటి.

కాబ్, కీలర్‌లు అంతకుముందే హార్వర్డ్‌లో మరో ప్రయోగం చేశారు. సయామీ వన్నె, పొడవాటి బొచ్చు రెండూ అంతర్గత లక్షణాలు. పొట్టిబొచ్చు సయామీని, పొడవుబొచ్చు పర్షియన్‌ను కలిపితే తొలితరం కూనలన్నీ పొట్టిబొచ్చుతో నల్లగా పుట్టాయి, అంటే ఆశించిన రెండు లక్షణాలూ ఒకేసారి మాయమయ్యాయి. పాతకాలపు పెంపకందారుడైతే అక్కడితో ఆ ప్రయత్నాన్ని మానుకునేవాడు. మెండెల్ లెక్క తెలిసినవారికి మాత్రం ఆ నల్లకూనలు ఓటమికి గుర్తులు కావు, దాచిపెట్టిన సొమ్ము; వాటిలో వాటిని కలిపితే 4లో 1 వంతు సయామీ వన్నె, 4లో 1 వంతు పొడవు బొచ్చు, రెండూ కలిసి రావడానికి 16లో 1 వంతు అవకాశం ఉంటుంది. ఆ లెక్కను నమ్మి తరం తరువాత తరం ఓపికపట్టినందుకు 1930ల నడుమ పొడవుబొచ్చుతో సయామీ వన్నె గల డెబ్యూటాంట్ అనే కూన పుట్టింది. ఇంగ్లండ్‌లో 1950లలో చెస్ట్‌నట్ గోధుమవన్నె పొట్టిబొచ్చు పిల్లులను రూపొందించినవారు కూడా, నలుపులో దాగి ఉండే గోధుమరంగు రూపాన్ని వంశావళుల్లో వెతికి పట్టుకునే ఈ మార్గాన్నే అనుసరించారు. ఆ పిల్లులకు 1958లో బ్రిటన్‌లో ప్రత్యేక జాతిగా గుర్తింపు లభించింది.

లెక్క సరిగ్గా ఉన్నా ఫలితం వెంటనే కంటికి కనిపించకపోవడం సయామీ పిల్లి నేర్పిన మరో పాఠం. సయామీ కూనలు పుట్టినప్పుడు దాదాపు తెల్లగా ఉండి, రోజులు గడిచేకొద్దీ ముక్కు, చెవులు, పాదాలు, తోక ముదురుతాయి. ఇల్యిన్ అనే ఇంటిపేరు గల ఇద్దరు రష్యన్ శాస్త్రజ్ఞులు 1930లో ప్రచురించిన పరిశోధన ఇందుకు కారణం ఉష్ణోగ్రత అని చూపింది. బొచ్చు గొరిగిన చోట చర్మాన్ని చల్లగా ఉంచితే మళ్లీ మొలిచే బొచ్చు ముదురుగా వస్తుంది. మెలనిన్ అనే వర్ణకాన్ని తయారుచేసే టైరోసినేజ్ ఎంజైమ్ ఈ పిల్లులలో వేడికి పనిచేయని లోపంతో ఉంటుంది. గర్భంలోని వెచ్చదనంలో అది నిద్రాణంగా ఉండి, పుట్టిన తరువాత శరీరపు చల్లని అంచులలో మేల్కొంటుంది.

ఈ జ్ఞానమంతా పెంపకందారుల చేతికి పుస్తకాల రూపంలో అందింది. ఎ. సి. జూడ్ 1955లో, రాయ్ రాబిన్సన్ 1971లో పిల్లుల జన్యుశాస్త్రంపై వెలువరించిన గ్రంథాలలో రెండవది పెంపకందారులనే ఉద్దేశించి పేరు పెట్టుకున్నది. ఏ జతకు ఏ రంగులు వస్తాయో, ఏవి ఎన్నటికీ రావో చెప్పే పట్టికలు అప్పటినుంచి ప్రతి పెంపకందారుడికీ చేతిపుస్తకాలయ్యాయి.

ఇంత లెక్క తెలిసినా తాబేటిచిప్ప వన్నె ఒక్క ప్రశ్నను మిగిల్చింది. రెండు రంగుల ప్రతులూ ఒకే శరీరంలో ఉన్నప్పుడు అవి కలిసిపోకుండా వేరువేరు మచ్చలుగా ఎందుకు ఉంటాయి? 1949లో కెనడాలో మర్రే బార్, ఎవర్ట్ బెర్ట్రామ్‌లు పిల్లి నాడీకణాలను సూక్ష్మదర్శినిలో చూసి, ఆడపిల్లి కణాలలో మాత్రమే ఒక చిన్న ముదురు చుక్క ఉండడాన్ని గమనించారు. 1961లో ఇంగ్లండ్‌లో మేరీ లియన్ ఎలుకలమీది తన పరిశోధనను బట్టి, ఆడజీవి పిండదశలో ఉండగానే ప్రతి కణంలో రెండు ఎక్స్‌లలో ఒకటి మూసుకుపోతుందనీ, ఏది మూసుకుంటుందో యాదృచ్ఛికమనీ, ఆ కణపు సంతతి అంతా అదే నిర్ణయాన్ని పాటిస్తుందనీ ప్రతిపాదించింది. తాబేటిచిప్ప పిల్లి బొచ్చును ఆమె ఇందుకు సాక్ష్యంగా చూపింది. బార్ చూసిన చుక్క అలా మూసుకుపోయిన ఎక్స్ క్రోమోజోమే. అదే ఏడాది థులీన్, నార్బీ అనే శాస్త్రజ్ఞులు తాబేటిచిప్ప వన్నె గల గండుపిల్లులలో ఒక ఎక్స్ అదనంగా ఉండడాన్ని ప్రకటించడంతో, డార్విన్‌ను ఆశ్చర్యపరిచిన నియమానికీ, దాని అరుదైన మినహాయింపులకూ ఒకేసారి సమాధానం దొరికింది. రాజమండ్రి వీధిలోనైనా, వరంగల్ పెరట్లోనైనా నలుపు, నారింజలకు తెలుపు కూడా తోడైన మూడు రంగుల పిల్లి కనిపిస్తే అది ఆడదని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. వంశావళి పత్రం లేని ఊరపిల్లికీ జన్యునియమం ఒకటే.

లియన్ సిద్ధాంతం లెక్కకు హద్దును కూడా గీసింది. దాన్ని అందరికీ కనిపించేలా చేసింది 2001 డిసెంబర్ 22న టెక్సాస్‌లో పుట్టిన సీసీ అనే పిల్లి; రెయిన్‌బో అనే మూడు రంగుల పిల్లి కణంనుంచి రూపొందిన తొలి పిల్లి క్లోన్ అది. జన్యువులన్నీ ఒకటే అయినా సీసీ బొచ్చులో నారింజ రంగు మచ్చైనా లేదు, ఎందుకంటే ఏ కణంనుంచి సీసీని రూపొందించారో ఆ కణంలో నారింజ ప్రతి గల ఎక్స్ అప్పటికే మూసుకుపోయి ఉంది. తల్లిదండ్రుల వన్నెలు తెలిస్తే కూన తాబేటిచిప్పగా ఉంటుందని చెప్పవచ్చు. ఆ కూన నుదుటిమీద నారింజ పడుతుందా, నలుపు పడుతుందా అన్నది పిండంలో కణాలు తేల్చుకునే విషయం.

ఈ శతాబ్దంలో జన్యువులను ఒక్కొక్కటిగా వాటి అక్షరక్రమంలోనే గుర్తించారు. నలుపుకు కారణమైన అగూటి లోపం 2003లో, సయామీ, బర్మా రూపాలు 2005లో, బూడిద వన్నె 2006లో, సుడిచార 2012లో తేలాయి. చెంప లోపలినుంచి తీసిన కొద్ది కణాలతో పిల్లి దాచుకున్న వన్నెలను చదవడం సాధ్యమైనందున, దాగిన రూపాన్ని బయటపెట్టడానికి మాత్రమే చేసే పరీక్షా జతల అవసరం, వాటివల్ల కోరిక లేని కూనలు పుట్టే పరిస్థితి తగ్గింది. పెంపకంలో శాస్త్రం చేసిన మేళ్లలో ఇది చిన్నది కాదు. వీటన్నిటిలో చివరివరకూ చిక్కకుండా ఉండిపోయింది అన్నిటికంటే ముందు ప్రశ్నగా నిలిచిన నారింజే. 2025లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్, జపాన్‌లోని క్యూషూ విశ్వవిద్యాలయాల బృందాలు విడివిడిగా దాన్ని ప్రకటించాయి. ఎక్స్ క్రోమోజోమ్‌మీద సుమారు 5,000 అక్షరాల ముక్క ఒకటి లోపించడంవల్ల, ఏఆర్‌హెచ్‌జీఏపీ36 అనే జన్యువు వర్ణకకణాలలో పనిచేయడం మొదలుపెట్టి నలుపును నారింజగా మారుస్తున్నది.

క్రిస్టల్ ప్యాలెస్ ప్రదర్శననాటి పెంపకందారుడికి పుట్టబోయే కూన వన్నె అదృష్టం. నేటివారికి అది చాలావరకు గడులలో రాయగల లెక్క. ఈ మార్పును తెచ్చినవి ప్రయోగశాలలతోపాటు, ఏ బహుమతీ ఆశించని ఈతలను కూడా తప్పకుండా పట్టీలో రాసిపెట్టిన వందలాది పెంపకందారుల చేతులు. లెక్కకు అందనిది ఒక్కటి మిగిలి ఉన్నది: ప్రతి తాబేటిచిప్ప కూనా కళ్లు తెరవకముందే తన మచ్చలను తానే పంచుకుని వస్తుంది, అటువంటి పంపకం మరో కూనలో మళ్లీ రాదు.